ఉత్తరం వైపు తల

అన్వర్ పద్దెనిమిదేళ్లుగా గుంటూరులో ఒక ఎముకల ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీస్తున్నాడు. డాక్టరు చీటీ మీద ఏపీ అని రాస్తే వెల్లకిలా పడుకోబెట్టి ఎదురుగా తీయాలి. లాటరల్ అంటే పక్కనుంచి, ఆబ్లిక్ అంటే ఏటవాలుగా. ఆ మాటలేవీ పేషెంట్ల దగ్గర వాడడు. "కాస్త పక్కకి ఒత్తిగిల్లమ్మా" అంటాడు, అంతే. గొంతుక్కూచుని మిరపకాయల తొడిమలు తీసీ తీసీ మోకాళ్లు అరగదీసుకున్న ఆడవాళ్లు అన్వరే తీయాలని పట్టుబట్టేవారు. మెత్తని మనిషి. ఆ మెత్తదనమే కొంప ముంచబోయింది.

ప్రత్తిపాడు నుంచి వెంకటేశ్వరమ్మ మోకాళ్ల నొప్పులతో వచ్చింది. నిలబడే ఓపిక లేదు, పడుకోబెట్టే తీయాలి. బల్లను చూసి బిగుసుకుపోయింది.

"ఉత్తరం దిక్కు తల పెట్టి పడుకోను బాబూ. చచ్చినా పడుకోను."

"సరేలే పిన్నిగారూ, ఇటు తిరగండి" అని దక్షిణం వైపు తల పెట్టించి, రెండు మోకాళ్లూ కలిపి ఏపీ తీశాడు. కుడి పక్క ఇదీ అని చెప్పే సీసపు 'ఆర్' ముక్క బల్లకు ఒక అంచున ఎప్పుడూ టేపుతో అతికించే ఉంటుంది. మనిషి తిరిగింది, ముక్క తిరగలేదు. కంప్యూటర్లో పాదాలు కిందికి వచ్చేలా బొమ్మను తిప్పేసరికి అక్షరం తలకిందులుగా కనిపిస్తే, చూడ్డానికి బాగోలేదని చెరిపి అదే చోట నిలువుగా టైపు చేశాడు మహానుభావుడు!

మూడో రోజు ఎవరికో కుడి చీలమండ తీస్తున్నాడు. ఆ కాలి పక్కనే ఉన్న ముక్క మీద చూపు పడింది. మొన్న ఇక్కడున్నది వెంకటేశ్వరమ్మ ఎడమకాలు కదూ! ఆ బొమ్మ చూసే ఎక్కువ అరిగిన మోకాలికి ఆపరేషన్ అన్నారు, ఆమెను అప్పటికే థియేటర్‌లోకి తీసుకెళ్లారు.

చెప్పులతోనే లోపలికి దూసుకెళ్లాడు.

"ఆగండి సార్! కుడి ఎడమలు తారుమారయ్యాయి. తప్పు నాదే."

ఎడమ మోకాలికి ఎర్రమందు పూసి ఉంది. డాక్టర్ వేణుగోపాల్ చేతిలో కత్తి ఉంది. చదువుకున్నవాళ్లు ఆరుగురున్న గదిలో, ఏ కాలని ఆమెను అడిగినవాళ్లు ఒక్కరూ లేరు! మత్తు నడుం కిందకే ఇచ్చారు, ఆమె మెలకువగానే ఉంది.

డాక్టర్ కత్తి పక్కన పెట్టి అడిగాడు. "ఏ కాలు ఎక్కువ నొప్పమ్మా?"

"కుడిదేనయ్యా."

"మరి ఎడమది కడుగుతుంటే చెప్పొద్దా?"

"ఫోటోలో అదే పడిందన్నారుగా. మిషను కంటే నాకెక్కువ తెలుసా అని ఊరుకున్నా."