తడిసిన ఎర్రమన్ను రంగు

తిరుమణి చుట్టుపక్కల చేలల్లో సోలార్ పలకలు పరిచిన మూడో ఏడాది అది. కర్ణాటక సరిహద్దులోని పావగడ బస్టాండు వెనక సందులో నాది ప్రింటర్లు బాగుచేసే చిన్న అంగడి. బెంగళూరులో ఒక సర్వీసు సెంటర్లో తొమ్మిదేళ్ళు పనిచేసి, ఊరికి తిరిగొచ్చి పెట్టుకున్నాను. సోలార్ కంపెనీల సైటు ఆఫీసులు, జిరాక్సు అంగళ్ళు, బడులు, వీటి మిషన్లతోనే నాకు రోజు గడిచిపోయేది.

ఆ జూన్ నెలలో ఒకరోజు పొద్దున్నే ఫొటో స్టూడియో మంజునాథ తన పెద్ద ఇంక్‌జెట్ ప్రింటరును ఆటోలో వేసుకొచ్చాడు. అతని వెనకే ఒక పెద్దామె దిగింది. మొహాలు, పెళ్ళి ఫొటోలు బాగానే వస్తున్నాయట. ఒకే రంగు వెడల్పుగా ఉన్నచోట మాత్రం చారలు పడి, మధ్యకు వచ్చేసరికి వెలిసిపోతోందట. ఈమె కోసం ఒక ఫొటోను మూడుసార్లు ప్రింటు తీశాడు. మూడూ వద్దంది. మిషను బాగయ్యేదాకా కదలనని కూర్చుంది. "ఇంక నువ్వే చూసుకోప్పా" అని చెప్పి అతను పెళ్ళి ఫొటోలకు వెళ్ళిపోయాడు.

ఆమె పేరు గంగమ్మ. ఊరు తిరుమణి. వాళ్ళ ఆరెకరాల చేను సోలారుకు కౌలుకిచ్చారు. ఇప్పుడామె ఆ పలకల కిందే గడ్డి కోసే కూలిపనికి పోతోంది. భర్త నాగన్న ముందు ఏడాది పక్షవాతం వచ్చి మంచం పట్టాడు. ఆ దెబ్బతో జ్ఞాపకం చెదిరి, చేను ఇచ్చేసిన సంగతి ఆయనకు గుర్తులేదు. వాన పడిందా, విత్తనం వేశారా అని రోజూ అడుగుతాడు. చేనికి తీసుకుపొమ్మంటాడు. ఒకసారి ఫోనులో పలకల ఫొటో చూపిస్తే, ఇది మనది కాదని మొహం తిప్పుకున్నాడట.

ఆమె దగ్గర చేని ఫొటో ఒక్కటే మిగిలింది. ముంగారు తొలివాన పడిన మర్నాడు కూతురు ఫోనుతో తీసింది. ఎర్రటి నేల, దూరంగా ఎద్దుల వెనక విత్తే గొర్రు పట్టుకుని నాగన్న. దాన్ని మంచం ఎదురుగా పెట్టుకునేంత పెద్దది చేయించాలని ఆమె కోరిక. అంతకుముందు అనంతపురంలో ఒకసారి చేయిస్తే వాళ్ళు మెరుగులు దిద్ది నేలను ఇటుకరంగు చేసిచ్చారు. నాగన్న దాన్నీ గుర్తుపట్టలేదు.

ఈ రకం ప్రింటర్లో ఇంకు చిమ్మే భాగాన్ని ప్రింట్‌హెడ్ అంటారు. దాని అడుగున వెంట్రుక కంటే సన్నని రంధ్రాలు వందల కొద్దీ ఉంటాయి. అవే నాజిళ్ళు. ఒక్కో నాజిల్ వెనక ఒక బుల్లి హీటరు. కరెంటు తగలగానే హీటరు కాగి, దాని మీది ఇంకు ఆవిరి బుడగవుతుంది. ఆ బుడగ ముందున్న ఇంకును చుక్కగా కాగితం మీదికి తోస్తుంది. ఖాళీ అయిన చోటికి వెనకనుంచి వెంటనే కొత్త ఇంకు రావాలి. కరెంటు తగ్గితే చుక్క చిన్నదవుతుంది. ఇంకు ఆలస్యమైతే హీటరు ఒట్టిగా కాగి మాడిపోతుంది. ఇదంతా రెప్ప వేసేలోపు వేలసార్లు జరగాలి.

ముందు టెస్ట్ పేజీ తీశాను. సన్నగీతలన్నీ తెగకుండా వచ్చాయి. ఇంకెవరైనా అయితే మిషను బాగానే ఉందని పంపేసేవాణ్ణి. కానీ గంగమ్మ ఫొటోలో ముప్పాతిక భాగం నేలే. ఆ ఎరుపుకు మెజెంటా అనే ముదురు గులాబీ, పసుపు రంగుల నాజిళ్ళు దాదాపు అన్నీ ఒకేసారి పనిచేయాలి. మిషను ఊరికే ఉన్నప్పుడు వోల్టేజీ సరిగ్గా ఉంది. ఒక ఎర్రపట్టీ ప్రింటుకిచ్చి మీటరు చూస్తే అంకె కిందికి జారింది. విప్పి చూశాను. పవర్ బోర్డులో ఒక కెపాసిటర్ ఉబ్బిపోయింది. కరెంటు ఎక్కువ కావలసిన క్షణంలో చేతికందించేది అదే. దాన్ని మార్చేసరికి మధ్యాహ్నమైంది.

చారలు పోయాయి. వెలిసిపోవడం పోలేదు. మంజునాథ బయట ఇంకు డబ్బాలు పెట్టి సన్నట్యూబులు లాగించి ఉన్నాడు. ఆ డబ్బాలు మరీ కిందికి ఉండడంతో హెడ్‌కు ఇంకు అందడం లేదు. ట్యూబులో గాలిబుడగ కూడా చేరింది. గాలి తీసి, డబ్బాల కింద రెండువేళ్ళ మందం చెక్కముక్క పెట్టాను. ఇంకా ఎత్తు పెడితే ఇంకు కారిపోతుంది. ఆ మోడల్ హెడ్ అప్పటికే దొరకడం లేదు. అది మాడితే మంజునాథ మిషను పాత ఇనుముకే. అందుకని ఒక్కో వరస తర్వాత కాస్త ఆగేలా సెట్టింగు మార్చి, చూస్తూ కూర్చున్నాను.

ఫొటో అంచునుంచి అంచుదాకా ఒకే తీరుగా వచ్చింది. గర్వంగా ఆమె చేతికిచ్చాను. చాలాసేపు చూసింది.

"ఈ మన్ను మాది కాదప్పా" అంది.

మిషనులో ఇంక దోషం లేదని నచ్చజెప్పబోయాను.

"నువ్వు మా మన్ను చూసినావా?" అని మెల్లిగా అడిగింది.

చూడలేదు. బస్సులో పోతూ చూసిందే తప్ప ఆ నేల మీద నేనెప్పుడూ కాలు పెట్టలేదు. ఆమె బస్సుకు వెళ్ళిపోయింది.

మర్నాడు పది గంటలకు మళ్ళీ వచ్చింది. కొంగు ముడి విప్పి పిడికెడు మన్ను నా బల్ల మీద, తెల్లకాగితంలో పోసింది. పలకల కింద గడ్డి కోసేచోటు నుంచి తెచ్చిందట. గట్లు చెరిపేశాక తమ చేను ఎక్కడ మొదలై ఎక్కడ అయిపోతుందో ఆమెకే తెలియడం లేదట. "యాడ వంగినా మాదే అనుకుంటాను" అంది.

మన్ను పక్కన ఫొటో పెట్టి రంగులు సరిచేయబోతుంటే నా చేయి పట్టి ఆపింది. నా నీళ్ళ లోటాలో వేళ్ళు ముంచి ఆ మన్ను మీద చిలకరించింది. లేత ఎరుపు మన్ను చూస్తుండగానే ముదిరి, తాంబూలపు కాచుతో తడిసినట్టయింది.

"వాన పడిన మర్నాడు గదా. ఆపొద్దు ఇట్ల ఉన్నింది" అంది.

మెజెంటా కొంచెం పెంచి, నలుపు ఒక రవ్వ కలిపి మళ్ళీ తీశాను. మన్ను ఆరిపోయినప్పుడల్లా ఆమె నీళ్ళు చిలకరించేది. మూడో కాగితం బయటికి వస్తుంటే లేచి నిలబడింది. కొంగుతో కళ్ళు ఒత్తుకుని, ఇంకు తడి ఆరేదాకా దాన్ని అరచేతుల మీద పట్టుకునే ఉంది.

నాలుగైదు నెలల తర్వాత తిరుమణిలో ఒక సైటు ఆఫీసు ప్రింటరు చూడడానికి పోయాను. కంచె పక్కన గడ్డిమోపు దించుతూ గంగమ్మ కనిపించింది. ఫొటోలోని చేనును నాగన్న గుర్తుపట్టాడా అని అడిగాను.

"చూసినాడప్పా. శానాసేపు చూసినాడు. నేల బాగా తడిసినాది, చెప్పులు తీసుకురా పోదాం అనినాడు." కొడవలిని ఇంకో చేతిలోకి మార్చుకుంది. "రేపు పోదామంటిని. రోజూ అడుగుతాడు, రోజూ రేపంటాను."

ఆ ఫొటో తీసేయకూడదా అన్నాను. తల అడ్డంగా ఊపింది. ఆయన నిద్రపోయాక తనూ దాని ముందే కూర్చుంటుందట.

అప్పటిదాకా టెస్ట్ పేజీ బాగా వస్తే నా పని అయిపోయినట్టే లెక్క. ఇప్పుడు ఏ మిషను వచ్చినా, దీంట్లో ఏం తీసుకోవాలని తెచ్చారని ముందు అడుగుతాను. వాళ్ళు చెప్పేది పూర్తిగా వింటాను. గంగమ్మకు నేను చేసింది మేలో కాదో ఇప్పటికీ తేల్చుకోలేను. అయినా ఆ ఎరుపును కొంచెం తక్కువగా వేసి ఉండాల్సిందని మాత్రం ఒక్కరోజూ అనుకోలేదు.