కొవ్వూరు రేవులో కాకుల బొమ్మలు

బయట కూర్చుని బొమ్మలు వేసుకునేవాళ్ళకి జంతువులకంటే మనుషులతోనే ఎక్కువ పని పడుతుంది. నేను పక్షుల బొమ్మలూ జంతువుల బొమ్మలూ వేసి బతుకుతున్నాను. కోరంగి మడ అడవి పక్కన నీటికుక్క కోసం పొద్దున్నుంచీ కదలకుండా కూర్చుంటే, తీరా అది తల పైకెత్తే సమయానికి యానాం నుంచి మందు సీసాల సంచితో వస్తున్న కుర్రాళ్ళు బండి ఆపి, "మేడమ్, మా ట్యాంకు మీద పులిబొమ్మ వేస్తారా?" అని అడిగారు. నీటికుక్క మునిగిపోయింది. ఇంకోసారి రొయ్యల చెరువు గట్టు మీద బొమ్మలేసుకునే అట్ట పట్టుకుని కూర్చుంటే, చెరువు రైతు నన్ను సర్వే ఆఫీసు మనిషి అనుకున్నాడు. బొండాం కొట్టించి ఇచ్చి, "మన గట్టు కొంచెం చూసి రాయండమ్మా" అని బతిమాలాడు. నేను గీసిన కొంగని చూపించాను. "కొంగ సరేనండి, గట్టు సంగతేంటి?" అన్నాడు.

రాజమండ్రిలో మా ఇంట్లో అమ్మా నేనూ ఇద్దరమే. నాన్న పోయి చాలా కాలమైంది. నేను పెళ్ళి చేసుకోలేదు. సాయంత్రం ఇంటికొచ్చి బొమ్మ చూపిస్తే అమ్మ కళ్ళజోడు పెట్టుకుని ఓసారి చూసి, "బావుందే" అని పక్కన పెట్టేసేది. ఆవిడకి కావలసింది అది వేస్తుంటే వచ్చినవాళ్ళ కబుర్లు. ఎవరొచ్చారు, ఏమన్నారు, నువ్వేమన్నావు, మరీ దురుసుగా మాట్లాడలేదు కదా. మనుషులతో నాకు ఓపిక తక్కువ. అయినా అమ్మకి చెప్పాలి కదా అని వాళ్ళ మాటలు చెవి ఒగ్గి వినేదాన్ని. రొయ్యల రైతు సంగతి విని అమ్మ పొట్ట పట్టుకుని నవ్వింది.

తర్వాత అమ్మ మంచాన పడింది. పొద్దంతా వదిలి వెళ్ళడానికి లేకపోయింది. పక్కింటావిడ ఒక పూట చూసుకుంటానంది. ఆ పూటలో వెళ్ళి రాగలిగిన చోటు, వంతెన దాటితే కొవ్వూరు. అక్కడి రేవులో దొరికేవి కాకులు. "ఇంతా చేసి కాకులేంటే?" అంది అమ్మ.

ఆ రేవుకి జనం పిండాలు పెట్టడానికి వస్తారు. మెట్ల మీద విస్తరాకులో అన్నం ముద్ద పెట్టి, దూరంగా జరిగి నిలబడతారు. కాకి వచ్చి ముట్టుకుంటే పోయినవాళ్ళు తృప్తిగా వెళ్ళారని. రాకపోతే ఏదో కోరిక మిగిలిపోయిందని. అప్పుడు ఒక్కొక్కళ్ళూ ముందుకొచ్చి పోయినవాళ్ళకి మాట ఇస్తారు. చిన్నదాని పెళ్ళి మేం చేస్తాం. అన్నదమ్ములం కలిసుంటాం. ఇల్లు అమ్మం. అలాంటి మాటలు పరాయిదాన్ని నేను వినకూడదు. కానీ నా కాకులు అక్కడే ఉన్నాయి మరి.

మొదట్లో కసురుకున్నవాళ్ళున్నారు. చావు దగ్గర బొమ్మలేంటని ఒకావిడ మొహం మీదే అడిగింది. ఆవిడ అన్నదాంట్లో తప్పేం లేదు, నేనే కాస్త దూరం జరిగాను. ఒకాయన మాత్రం తండ్రి పిండం ముట్టిన కాకిని నేను గీస్తుంటే వెనకే నిలబడి చూశాడు. "ఇది మా నాన్నగారేనండి. ఇలాగే మెడ పక్కకి పెట్టి చూసేవారు" అన్నాడు. బొమ్మ వేసిన కాగితం ఊడదీసి ఇచ్చేశాను. దాన్ని రెండు చేతులతో పట్టుకుని వెళ్ళాడు. కొన్నాళ్ళకి మెయిన్ రోడ్డులో బట్టల షాపు ముందు ఎదురైతే పలకరించబోయాను. నన్ను గుర్తుపట్టాడు, పట్టాడు కాబట్టే మొహం తిప్పుకుని పక్క సందులోకి వెళ్ళిపోయాడు. రేవులో నాతో మాట్లాడినవాళ్ళంతా అంతే. నా మొహం చూస్తే వాళ్ళకి ఆ రోజు గుర్తొస్తుంది. ఇంత జనంలో తిరిగి, నన్ను మళ్ళీ కలుసుకోవాలనుకునే మనిషి ఒక్కరూ నాకు మిగల్లేదు. ఈ మాట అమ్మకి చెప్పలేదు.

ఆషాఢంలో అమ్మ పోయింది. పదో రోజు నేనూ ఆ రేవుకే వెళ్ళాను, అట్ట లేకుండా. పెదనాన్నగారి అబ్బాయి కర్మ చేశాడు. అన్నం ముద్ద మెట్టు మీద పెట్టి అందరం దూరంగా జరిగాం. కాకులు చెట్ల మీంచి లేచి, మా నెత్తి మీద గోలగోలగా తిరిగాయి. ఒక్కటీ దిగలేదు.

అమ్మ తమ్ముడు, మా మావయ్య, అందరికంటే ముందు నిలబడ్డాడు. మడిచిన నల్ల గొడుగు ఆయన చేతిలో తలకిందులుగా వేలాడుతోంది. దాని రెక్కలు గాలికి కొట్టుకుంటున్నాయి. నాకు వెంటనే తెలిసిపోయింది. మనిషి చేతిలో నల్లటిది ఏది వేలాడినా చచ్చిన కాకి అనుకుంటాయవి. గోల చేస్తాయి గానీ దగ్గరికి రావు. వేరేవాళ్ళకైతే వెళ్ళి, "ఆ గొడుగు కొంచెం పక్కన పెట్టండి" అని చెప్పేదాన్ని. చెప్పాను కూడా చాలామందికి.

ఆ రోజు నోరు విప్పలేదు.

"దీని గురించే అయ్యుంటుంది" అంది పిన్ని నా వైపు చూసి. "ఏదో ఒకటి మాట ఇయ్యమ్మా. వింటుంది." అందరూ నా వైపు తిరిగారు. నేను నీళ్ళకేసి చూస్తూ నిలబడ్డాను. కాకి దిగనంతసేపూ అమ్మ ఇంకా అక్కడే ఉన్నట్టు, నాతో ఏదో తేల్చుకోవాలని పట్టుబట్టి కూర్చున్నట్టు అనిపించింది. ఉండనీ అనుకున్నాను. ఇంకాసేపు ఉండనీ. పొద్దు నెత్తి మీదికొచ్చినా, వాళ్ళందరూ ఆకలితో మాడినా నాకు ఫరవాలేదు.

పంతులుగారు తొందరపడుతున్నారు. చివరికి మావయ్యే గొడుగు మెట్టు మీద పడేసి, రెండు చేతులూ జోడించాడు. "అక్కా, దాన్ని ఒంటరిగా వదలం. పూచీ నాది" అన్నాడు. గోల సద్దుమణిగి, కాసేపటికి ఒక కాకి దిగింది. పక్కపక్కగా నడిచి వచ్చి ముద్దలో ముక్కు పెట్టింది.

అందరూ దండాలు పెట్టారు. పిన్ని కళ్ళు తుడుచుకుంది. "చూశావా, నీ బెంగే పెట్టుకుంది మా అక్క" అన్నాడు మావయ్య, నా భుజం మీద చెయ్యి వేసి. ఆ మాట నమ్మగలిగితే ఏదైనా ఇచ్చేసేదాన్ని. అక్కడున్న అందరికీ అమ్మ చివరి మాట వినిపించింది. నాకొక్కదానికే గొడుగు కనిపించింది.

వాళ్ళు స్నానాలకి దిగారు. నేను మెట్టు మీద కూర్చుని, అమ్మ పోయిన రోజు కూడా ఏడవనిదాన్ని అప్పుడు ఏడ్చాను. అమ్మ దేనికీ అలగలేదు. నన్ను ఏమీ అడగలేదు. వెళ్ళిపోయింది, అంతే.