కాగ్నల జీవాలు ఒడ్డెక్కిన రాత్రి

నవ్వేటోళ్లు నవ్వుర్రి. గంగమ్మ నీళ్లు తాగి పెరిగినదాన్ని, ఆమె మీద అబద్ధమాడ. గా రాత్రి నా కండ్లతోటి జూసిందే చెప్తున్న.

పోలీసు యాక్షన్ అయినంక రెండు మూడేండ్లకు. ఎండకాలం. తాండూరు పక్కన కాగ్న ఏరు ఎండిపోయి, వంపు కాడ ఒక్క మడుగే మిగిలింది. మాది చేపలు వట్టే ఇల్లు. ఎండకు చేప లోతుకు పోతది, రాత్రి పైకొస్తది. అందుకే రాత్రి వల. మా ఆయన మొలలోతు నీళ్లల్ల వల గుంజుతుండు. నేను ఒడ్డున కందీలు ముట్టిచ్చి, గంప వెట్టుకోని కూసున్న. పెండ్లయి ఏడాదన్న కాలే.

కప్పలు ఒర్రుతున్నయి... చెవులు దిబ్బెడ వడేటట్టు. ఒక్కపారి... ఆగినయి. అన్నీ.

నీళ్ల అంచుకు చప్పుడు. తప్... తప్... కందీలు వంచి జూస్తే, జెల్ల చేపలు. బురద మీదికి ఎగిరి వడుతున్నయి. నాకు మస్తు సంబురమైంది. గంగమ్మ ఇయ్యాల మా దిక్కు జూసిందనుకుంట గంపలకు ఏరుడు వెట్టిన. ముల్లు గుచ్చుకున్నా ఆగలే. తెలివితక్కువదాన్ని. చేపల ఇంట్ల వుట్టినదానికి చేప కనవడితే ఇంకేం కనవడదు గద.

గంప నిండింది. అప్పుడు... కాలు మీదికెళ్లి ఏదో నడిచింది. ఎండ్రికాయ. దాని ఎనుక ఇంకోటి. కప్పలు... తాబేలు... రొయ్యలు గడ్డి మీద ఎగురుతున్నయి. నీరుకట్టె పాము కప్ప పక్కపొంటే పోతుంది, దాన్ని ముట్టలే. ఏదీ ఎనక్కి జూస్తలేదు. నీళ్లల్ల ఉన్న పురుగు పుట్ర అంతా బయటికొస్తుంది.

ఆయన మాత్రం నీళ్లల్లనే ఉన్నడు.

కందీలు ఎత్తిన. మొలలోతుల ఉండాల్సిన మనిషి మెడలోతుల ఉన్నడు. చేతుల వల లేదు. మడుగు నడిమికి పోతుండు... మెల్లగ...

"ఓయ్... ఇగో... ఇటు రారాదు" అన్న. తిరగలే. "నిన్నేనయ్యా" అని ఒర్రిన. తిరగలే. నీళ్లు గదుమ కాడికొచ్చినయి.

పెండ్లాం మొగని పేరు తియ్యద్దు, తీస్తే ఆయుస్సు తగ్గుతదని మా అత్త పెండ్లి నాడే చెప్పింది. ఇప్పుడు గూడ మీ ముంగట తియ్య. కానీ ఆ పూట తీసిన. గొంతు చిరిగిపోయేటట్టు పేరు వెట్టి పిలిచిన.

ఆగిండు. ఇటు జూసిండు. మళ్ల... అటు జూసిండు. అటు చీకటే. జరసేపు గట్లనే నిలవడ్డడు. నేను ఏడ్సుకుంట పిలుస్తనే ఉన్న. ఆఖరికి నా దిక్కు మళ్లిండు.

ఒడ్డెక్కినంక చెయ్యి వడితే సల్లగ, మొద్దువారి ఉంది. "గంత లోపటికి ఎందుకు వోయినవ్?" అన్న.

"నువ్వే గదనే, అవతలి ఒడ్డు నుంచి పేరు వెట్టి పిలుస్తున్నవ్" అన్నడు. "ఎన్నడు పేరు తియ్యనిదానివి తీస్తున్నవంటే ఏమైందో అని వస్తున్న. మళ్ల ఇటుకెళ్లి గూడ... నువ్వే పిలిస్తివి."

చేపలు ఆడనే బోర్లిచ్చి ఇంటికి ఉరికినం. నీళ్లు చెడిపోయి, లోపట గాలి ఆడక జీవాలు ఒడ్డెక్కినయని తెల్లారి మా మామ అన్నడు. గట్ల అయితదంట. అయితదేమో, నేను కాదన. మరి నా గొంతు అటెట్ల వోయింది?

అవతలికెళ్లి పిలిచింది నేను కాదని నాకెరుక. ఇవతలికెళ్లి పిలిచింది నేనేనని ఆయనకు ఇప్పటికీ నమ్మకం లేదు. చీకట్ల నేను పిలిస్తే పలుకడు. దీపం తెచ్చి, నా మొకం మీద వెట్టి, చానా సేపు జూసి... అప్పుడు 'ఆ' అంటడు.