పంటు మీద ‘ఊఁ’ అన్నదెవరు?

ఫోనులో నెట్ అప్పుడే చవకైన ఆ రోజుల్లో, మనిషి ఒకచోట మనసు ఇంకోచోట ఉండడానికి పెద్ద తపస్సేమీ అక్కర్లేకుండా పోయింది. నేను నరసాపురంలో ఒక దినపత్రికకు కొత్త విలేకరిని. మా ఇన్‌ఛార్జిని అందరం ‘గడువు గారు’ అనేవాళ్ళం (ఎదురుగా కాదు లెండి). గోదావరి అవతల సఖినేటిపల్లిలో ఒక ముసలి జాలరి ఉన్నాడనీ, సముద్రంలో పోయిన పడవల కథలన్నీ ఆయనకు కంఠస్థమనీ తెలిసి, ఆదివారం పేజీకి ఆయనతో మాట్లాడి రమ్మన్నారు. "పాటు మొదలై నీరు సముద్రం వైపు లాగిందంటే తాత ఆగడు. మళ్ళీ వారం దాకా దొరకడు. ఇప్పటికి రెండుసార్లు ఆలస్యంగా వెళ్ళి ఉత్త చేతులతో వచ్చావు. మూడోసారీ అంతే అయితే ఆఫీసుకి రానక్కర్లేదు నాయనా" అన్నారు, చాలా మర్యాదగా.

ఆ పొద్దున రేవంతా పొగమంచు. బండికి వేరే టిక్కెట్టు దండగని దాన్ని వేపచెట్టు కింద పెట్టి తాళం వేసి, జనాన్నీ బళ్ళనీ ఏరు దాటించే పంటు ఎక్కి, బల్ల చివర కూర్చుని ఫోను తీశాను. పూతరేకులకు పంచదార మేలా, బెల్లం మేలా అని ఎవరో పెట్టిన పోస్టు కింద ముందురోజే నేను బెల్లం పక్షాన రాసి ఉన్నాను. ఫొటో ఉండాల్సినచోట బూడిదరంగు నీడ తప్ప మొహం లేని మనిషెవరో "నువ్వసలు గోదారి నీళ్ళు తాగావా?" అని అడిగాడు. గోదావరి మీదే కూర్చుని ఆ మాట ఎలా పడతాను? జవాబు రాశాను. వాడు రాశాడు. నేను రాశాను.

పంటు ఒడ్డుకు తగిలిన కుదుపుకు తలెత్తి, గబగబా దిగాను. ఎదురుగా టీ కొట్టు, దానిమీద చిరిగిన నీలం పట్టా. మన రేవులోనూ ఇలాంటిదే ఉంది, పట్టాలన్నీ ఒకలాగే చిరుగుతాయి కాబోలు అనుకున్నాను. బుట్ట ముందు కూర్చున్న చేపల మామ్మ అచ్చం మన రేవు మామ్మలాగే ఉంది. అక్కాచెల్లెళ్ళేమో అనుకున్నాను. ఇంకో నాలుగడుగులు వేసేసరికి మంచులోంచి వేపచెట్టు, దాని కింద నా బండి. గోదావరికి అవతల తాళం వేసి వచ్చిన బండి నాకంటే ముందు ఇక్కడికెలా వచ్చింది? తాళంచెవి పెట్టి తిప్పాను. తిరిగింది.

"మామ్మా, ఇది సఖినేటిపల్లే కదా?"

"ఏంటి బాబూ, ఒంట్లో బాగుందా? నరసాపురం కదా ఇది! ఇందాక ఇక్కడే ఎక్కావు."

పంటు నడిపే సరంగు దగ్గరకొచ్చాడు. "రెండుసార్లు అవతలికి పోయి వచ్చారండి మీరు. ఒడ్డొచ్చిందండి, దిగండీ అన్నాను. ‘ఊఁ’ అన్నారు. నా మొహంలోకి చూశారు కూడానండి. కానీ..." గొంతు తగ్గించాడు. "ఆ కళ్ళల్లో ఎవరూ లేరండి. మళ్ళీ పిలవాలంటే భయమేసింది."

"గాలి సోకింది. ఉప్పు దిగదుడిపించుకో బాబూ" అంది మామ్మ, చేపల మీద నీళ్ళు చిలకరిస్తూ.

ఎవరితోనూ ఊఁ అన్న గుర్తు నాకు లేదు. మరి గంటన్నరసేపు నా నోటితో ఊఁ కొట్టిందెవరు? ఫోను చూశాను. నా పేరుతో నలభై ఏడు జవాబులు. చివరి పదింటిలో నేను పంచదార పక్షాన వాదిస్తున్నాను.

ఫోను ఆపి సంచి అడుగున పడేసి, మళ్ళీ పంటు ఎక్కి, ఏ తాత కోసం వెళ్తున్నానో సరంగుకు చెప్పాను. ఈసారి కూర్చోలేదు. నది మధ్యకు వచ్చేసరికి మంచులో ఇంజను చప్పుడు, ఆ వెనకే ఒక పడవ. "అదిగోనండి మీ తాత" అన్నాడు సరంగు. చుక్కాని పట్టుకున్న ముసలాయన నీటి మీంచి చూపు తిప్పడం లేదు.

"తాతా! పత్రిక అబ్బాయిని!" అని అరిచాను.

"ఇందాకటిదాకా చూశాను కదరా! పాటు ఆగుద్దా నీకోసం? వచ్చే వారం రా!"

మంచు పడవను మూసేసింది.

గడువు గారు మాట తప్పే మనిషి కాదు. ఉద్యోగం పోయింది. తాత రమ్మన్న ఆ వచ్చే వారం నేను వెళ్ళలేదు. ఉద్యోగమే లేదు, ఇంకెవరికోసం వినాలి అనుకున్నాను. ఏ పనీ లేనివాడే కదా ఆ కథలు తీరిగ్గా వినగలిగేది! ఇంత చిన్న సంగతి తట్టి, నన్ను చూసి నేను నవ్వుకునే వేళకు తాత లేడు.