మాటకో చింతపిక్క

అరకు దగ్గర ఒక కొండ ఊళ్లో అంగన్‌వాడీ ఆయమ్మ పోయింది. "జొరమొచ్చి మూడ్రోజుల్లోనే పోనాది మేడం" అని వాళ్లబ్బాయి ఫోన్ చేసి చెప్పాడు. ఆ రోజంతా నాకు పని సాగలేదు.

మాటలు సరిగా రాని చిన్నపిల్లల్ని పరీక్షించడం నా ఉద్యోగం. కొండ మీద క్యాంపు పెడితే ఆమే నా పక్కన కూర్చునేది. అక్కడి పిల్లలది ఆదివాసీ ఒరియా, నాకు తెలుగు తప్ప రాదు. నేను బొమ్మ చూపించి అడిగితే పిల్లలు చెప్పింది ఆమె తెలుగులో చెప్పేది, నేను రాసుకునేదాన్ని. చేతులు కొంగుకు తుడుచుకుంటే గాని బొమ్మల కార్డులు ముట్టేది కాదు.

మొదటి ఏడాది మూడున్నరేళ్ల పాప ఒకతె వచ్చింది. బొమ్మ చూపిస్తే, "కుక్క మేకపిల్లని తరుముతంది అంటంది మేడం" అంది ఆయమ్మ. వయసుకు తగ్గ మాటలే ఉన్నాయని రాసి పంపేశాను. రెండేళ్ల తర్వాత బడివాళ్లు అదే పిల్లను మళ్లీ తీసుకొచ్చారు. ఈసారి చెవిపెట్టి విన్నాను. ఏ బొమ్మకైనా ఆ పిల్ల నోట్లోంచి వచ్చేది ఒక్క ముక్కే. మిగతాదంతా ఆయమ్మ కలిపి చెబుతోంది.

"గుంటకి బుర్ర లేదని రాసేత్తారేటోనని బెంగెట్టుకున్నాను మేడం. సగంలో ఆగిపోతే మిగతాది నాను సెప్పినాను" అంది.

నాకు ఒళ్లు మండింది. "నీ జాలి ఈ పిల్ల బతుకులో రెండేళ్లు తినేసింది" అన్నాను, తల్లి ముందే. భాష రాకపోయినా, పిల్ల ఎన్ని మాటలు పలికిందో వినడానికి నాకు చెవులున్నాయి కదా. వినకపోవడం నా తప్పు. ఆ ముక్క ఆమెతో ఏనాడూ అనలేదు.

ఆ తర్వాత ఆమె కొంగున చింతపిక్కలు కట్టుకుని వచ్చేది. పిల్లలు ఒక మాట అంటే చాప మీద ఒక పిక్క పెట్టేది. "ఉన్నదే సెప్తాను, నా నోటిది కలపను" అనేది. నాకు వినడం నేర్పింది ఆ పిక్కలే. ఆయమ్మ ఆ పిల్లను రోజూ దగ్గర కూర్చోబెట్టుకుని మాటలు పలికించేది. ఎనిమిదేళ్లు వచ్చినా ఆ పిల్ల ఒక్కసారికి రెండు మాటలు దాటలేదు.

ఆయమ్మను మట్టి చేసిన మర్నాడు వెళ్లాను. సమాధి దగ్గర ఆ పిల్ల నిలబడి ఏదో అంది. అలవాటుగా పక్కకు తిరిగి, ఏమందని అడిగాను.

"ఆయా నన్ను బాగా సూసింది, ఇప్పుడు ఇడిసిపెట్టి ఎలిపోనాది అంటంది మేడం" అన్నాడు ఆయమ్మ కొడుకు, కళ్లు తుడుచుకుంటూ.

పిల్ల గౌను జేబులో చెయ్యి పెట్టింది. తడి మట్టి మీద రెండే చింతపిక్కలు పెట్టింది.