దరువు లేని పాట

మా మావయ్య పగలు కళ్ళద్దాల దుకాణంలో గాజు అరగదీసేవాడు, సాయంత్రాలు స్కేటింగ్ హాలులో కీబోర్డు వాయించేవాడు. రెండూ కూర్చుని చేసే పనులే. దుకాణంలో ఆయన ముందు సానరాయి తిరిగేది, హాలులో జనం తిరిగేవారు. ఆ రెండు తిరుగుళ్ళ మధ్య ఆయన ఎప్పుడూ కలలోంచి పూర్తిగా లేవని మనిషిలా ఉండేవాడు. పిలిస్తే ఒక్క క్షణం ఆగి, ఎక్కడినుంచో మెట్లు దిగి వచ్చినట్టు “ఆఁ?” అనేవాడు. ఆయనకి అక్క అయిన మా అమ్మ, “వాణ్ణి సగమే దింపారు, మిగతా సగం ఇంకా దారిలో ఉంది” అని నవ్వేది.

ఆ హాలు ఒకప్పుడు గోదాము. ఎత్తైన కిటికీలు, చెక్క నేల. సాయంత్రం ఎండ ఏటవాలుగా పడితే చెక్కంతా తేనె పూసినట్టు మెరిసేది. అంతమంది కాళ్ళకింద చక్రాలు దొర్లుతుంటే, దూరంగా ఎక్కడో వాన పడుతున్నట్టుండేది. కుర్రతనంలో మావయ్య ఆ హాలు యజమానురాలికి కళ్ళద్దాలు ఇవ్వడానికి వెళ్ళి, మూల బట్ట కప్పి ఉన్న కీబోర్డు చూసి అక్కడే నిలబడిపోయాడట. “వాయించడం వచ్చా?” అని ఆవిడ అడిగితే, “కాస్త” అన్నాడట. ఆ కాస్తే ఆయన్ని ఆ హాలుకి కట్టేసింది. అదే హాలులో కౌంటరు వెనక నిలబడి స్కేట్లు అద్దెకిచ్చే అమ్మాయి కొన్నాళ్ళకి మా అత్తయ్య అయింది.

అత్తయ్య జీవితమంతా స్కేట్ల మధ్యే గడిచింది. చక్రాలకి నూనె వేసేది, తాళ్ళు మార్చేది, కొత్తవాళ్ళకి దగ్గరుండి కట్టి నేలమీదికి పంపేది. తను మాత్రం ఎన్నడూ కట్టుకోలేదు. “నాకెందుకమ్మా, కాళ్ళు నేలమీద ఉంటేనే నాకు నమ్మకం” అనేది. మేమంతా ఆవిడకి భయమే అనుకున్నాం.

మావయ్య వాయించేది అరేంజర్ కీబోర్డు. ఎడమచేత్తో మూడు మెట్లు కలిపి నొక్కితే చాలు, లోపల దాక్కున్న వాద్యబృందం మొత్తం ఒక్కసారి లేచి కూర్చుంటుంది. డ్రమ్ములు, గిటార్లు, వయొలిన్లు అన్నీ మనకోసమే కాచుకుని ఉన్నట్టు వెంట పడతాయి. కుడిచేత్తో పాట ఒక్కటి పాడించుకుంటే సరి. మొదలుపెట్టడానికి ఒక బటన్, ముగించడానికి ఒక బటన్. మావయ్య వేళ్ళు వాటంతట అవే ఆ పని చేసుకుపోయేవి. ఆయన కళ్ళు కిటికీలో ఉండేవి.

నేను కాలేజీలో చదువుతున్న రోజుల్లో ఒక సెలవు రోజు సాయంత్రం ఆ కీబోర్డుకి పిచ్చెక్కింది. హాలు నిండా జనం. మావయ్య ముగింపు బటన్ నొక్కాడు. పాట ఆగలేదు. మళ్ళీ నొక్కాడు. డ్రమ్ములు ఇంకాస్త హుషారెక్కాయి. చేతులు రెండూ పైకెత్తేశాడు. అయినా బృందం తన దారిన తను వాయించుకుపోతూనే ఉంది. మాస్టారు మంచి ఊపులో ఉన్నారనుకుని జనం చప్పట్లు కొడుతూ తిరుగుతూనే ఉన్నారు.

“ఏవండీ, ఇక చాలించండి! ఆయాసంతో చస్తున్నారు జనం!” అని కౌంటరు వెనకనుంచి అత్తయ్య అరిచింది.

“నేను కాదు, అదే!” అన్నాడు మావయ్య, చేతులు చూపిస్తూ.

చివరికి మేడమ్, అదే హాలు యజమానురాలు, పరుగున వచ్చి గోడలోంచి ప్లగ్గు పీకేసింది. హాలంతా నిశ్శబ్దం. కాదు, నిశ్శబ్దం కాదు. చక్రాల చప్పుడు మిగిలింది. జనం వేగం తగ్గించుకుంటూ తగ్గించుకుంటూ ఇంకా దొర్లుతున్నారు. మావయ్య తల ఒకపక్కకి వాల్చి విన్నాడు.

“వింటున్నావా?” అన్నాడు నాతో.

“ఏంటి మావయ్యా?”

“ఏం లేదులే.”

బాగుచేసేవాడు లోపల బోర్డు పోయిందని చెప్పేశాడు. “మాస్టారూ, మీరే వెళ్ళి కొత్తది చూసి రండి. మనకేం కావాలో మీకు తెలుసుగా” అంది మేడమ్. తెలుసన్నాడు మావయ్య. హాలు సెలవు రోజున అత్తయ్యనీ నన్నూ వెంటబెట్టుకుని వాద్యాల దుకాణానికి బయలుదేరాడు.

దుకాణం మేడమీద ఉంది. నేలంతా తివాచీ, కాలు పెడితే చప్పుడే లేదు. మావయ్య అరగదీసిన అద్దాలే పెట్టుకున్న దుకాణందారు, రెండు కీబోర్డుల్ని పక్కపక్కన పెట్టి చూపించాడు.

“ఇది అరేంజర్. మీ పాతదానికి చెల్లెలనుకోండి. బృందం తయారుగా ఉంటుంది. అదేమో వర్క్‌స్టేషన్ సింథసైజర్. దాంట్లో బృందాన్ని మీరే పుట్టించాలి. ఒక్కో వాద్యం మీరే వాయించి ఒకదానిమీద ఒకటి పేర్చుకోవాలి. శబ్దాన్ని సాగదీయొచ్చు, మెత్తబరచొచ్చు, మీ ఇష్టం. కానీ మీరు చెయ్యకపోతే అది ఏమీ చెయ్యదు.”

“మరి హాలుకి ఏది బావుంటుంది?” అన్నాను నేను.

“హాలుకా? అరేంజరే. కళ్ళు మూసుకుని తీసుకెళ్ళండి.”

మావయ్య నిజంగానే కళ్ళు మూసుకున్నాడు. కానీ చెయ్యి రెండోదాని మీద వేశాడు.

నొక్కిన వెంటనే ఏమీ వినిపించలేదు. కరెంటు లేదేమో అనుకున్నాను. తర్వాత గదిలోకి పొగమంచు వచ్చినట్టు ఒక స్వరం మెల్లగా వచ్చింది. ఎప్పుడు మొదలైందో చెప్పలేం. ఆయన ఒక మీట తిప్పాడు. అద్దం మీద ఆవిరి తుడిచినట్టు ఆ స్వరం తేటపడింది. ఇంకొకటి తిప్పితే దూరం జరిగింది. వేలు తీసేశాక కూడా అది వెళ్ళలేదు, గడప దగ్గర నిలబడి ఇంకో మాట చెప్పే చుట్టంలా కాసేపు ఉండి వెళ్ళింది. కిటికీ బయట మబ్బులు కదులుతున్నాయి. మేడ మొత్తం వాటితోపాటు కదులుతోందేమో అనిపించింది నాకు.

తిరిగి చూస్తే అత్తయ్య కుర్చీలో కూర్చుని చెప్పులు విడిచేసింది. ఆవిడ పాదాలు తివాచీ మీద ముందుకీ వెనక్కీ జారుతున్నాయి. ఆ సంగతి ఆవిడకే తెలిసినట్టు లేదు.

“నాలుగు రోజులు తీసుకెళ్ళి చూడండి, నచ్చకపోతే తిరిగిచ్చేయండి” అన్నాడు దుకాణందారు. మావయ్య అరేంజర్ వైపు ఒకసారి తప్పుచేసినవాడిలా చూసి, వర్క్‌స్టేషన్‌ని భుజానికెత్తుకున్నాడు.

మర్నాడు సాయంత్రం హాలులో అది పూర్తిగా బెడిసికొట్టింది. మావయ్య రాత్రంతా కూర్చుని కట్టుకున్న పాట మొదలుపెట్టాడు. దరువు లేదు. అల వచ్చి వెనక్కి వెళ్ళినట్టు స్వరాలు వస్తున్నాయి, పోతున్నాయి. జనం మొదట అయోమయంగా నవ్వారు. తర్వాత ఎవరి వేగం వాళ్ళదైపోయింది. ఒక లావుపాటి పెద్దమనిషి నేల నడిమధ్యన కళ్ళు మూసుకుని ఆగిపోయాడు. వెనకనుంచి వచ్చిన ముగ్గురు ఆయన మీద పడ్డారు. “డ్రమ్ములేవి మాస్టారూ? డ్రమ్ములు మింగేశారా?” అని అరిచారెవరో. మావయ్య చెవులు ఎర్రబడ్డాయి. తడుముకుంటూ ఏదో దరువు వెతికాడు. దొరికింది నెమ్మదిగా సాగే పెళ్ళి ఊరేగింపుకి తప్ప పనికిరాదు.

మేడమ్ ఆయన్ని పక్కకి పిలిచింది. కోప్పడలేదు. “మాస్టారూ, ఇది నిద్రపుచ్చే పాట. తిరిగే పాట కాదు. రేపు ఇచ్చేసి అరేంజర్ తెచ్చేయండి” అంది. సరేనన్నాడు మావయ్య.

పొద్దున్న హాలు మూసి ఉంటుంది. మర్నాడు ఆ వేళకి అత్తయ్య చక్రాలు తుడుస్తోంది. నేను స్కేట్లు కట్టుకుని ఖాళీ నేలమీద తిరుగుతున్నాను. మావయ్య వైర్లు చుట్టి కీబోర్డుని సంచిలో పెట్టడానికి వచ్చాడు. సంచి జిప్పు తీశాడు. ఏమనుకున్నాడో, మళ్ళీ వైరు గుచ్చాడు.

ఈసారి ఎవరికోసమూ వాయించలేదు. అందుకే కాబోలు తొందరపడలేదు. ఒక స్వరం వేసి అది పూర్తిగా విచ్చుకునేదాకా కాచుకున్నాడు. తర్వాత ఇంకొకటి. పొద్దుటి వెలుగు కిటికీల్లోంచి వచ్చి నేలమీద పలకలు పలకలుగా పరుచుకుంది. నేను ఒక వెలుగులోంచి ఇంకో వెలుగులోకి జారుతున్నాను. పాట ముందుందో నేను ముందున్నానో తెలియలేదు.

నా వెనక ఇంకో జత చక్రాల చప్పుడు వినిపించింది. తడబడుతూ, ఆగుతూ. తిరిగి చూశాను. అత్తయ్య! స్కేట్లు కట్టుకుని, గోడ పట్టుకుని వస్తోంది. కాసేపటికి ఒక చెయ్యి వదిలింది. ఆ తర్వాత రెండోదీ వదిలింది.

మావయ్య చూశాడు. వాయించడం ఆపబోయాడు.

“ఆపకండి! ఆపితే పడతాను!” అంది అత్తయ్య.

ఆపలేదు. ఆవిడ ఒక చుట్టు పూర్తిచేసి, ఆయన ముందున్న కమ్మీని రెండు చేతులా పట్టుకుని నిలబడింది. ముఖమంతా చెమట, నవ్వు.

“భయమన్నావుగా?” అన్నాడు మావయ్య.

“నేనెప్పుడన్నాను? మీరంతా అనుకున్నారు. ఆ డ్రమ్ములు వింటుంటే ఎవరో వెనకనుంచి పద, పద అని నెడుతున్నట్టుంటుందండీ. నా కాళ్ళకి అంత తొందర లేదు.”

“మరి ఇన్నేళ్ళూ చెప్పలేదేం?”

“మీ వాద్యం కదా. ఏమని చెప్పను, మీ పాట బాలేదనా?”

మావయ్య కీబోర్డు మీట ఒకటి తిప్పి, మళ్ళీ వెనక్కి తిప్పాడు. నొచ్చుకున్నాడో, సంతోషించాడో నాకు అర్థం కాలేదు. రెండూ అయి ఉంటాయి. తర్వాత లేచి తిన్నగా మేడమ్ గదిలోకి వెళ్ళాడు. తలుపు తెరిచే ఉంది, మాకన్నీ వినిపించాయి.

“మేడమ్, హాలుకి అరేంజరే కొనండి. మీరన్నది నిజమే. సాయంత్రాలు వాయించడానికి ఇంకొకర్ని చూసుకోండి. ఈ వర్క్‌స్టేషన్ నేనే కొనుక్కుంటాను. పొద్దున్న ఒక్క గంట హాలు నాకివ్వండి, చాలు.”

“పొద్దున్నా? ఎవరొస్తారు మాస్టారూ?”

“ఒకరు వస్తారు. మీ కౌంటర్లోనే ఉంది.”

మేడమ్ పకపకా నవ్వింది, తాళాలు ఇచ్చేసింది.

సాయంత్రాలకి ఒక కొత్త అమ్మాయి వచ్చింది. చేతిలో చురుకుంది. జనం ఆమె పేరు చెప్పుకుని మరీ రావడం మొదలుపెట్టారు. దుకాణం మూసి ఇంటికెళ్ళే దారిలో మావయ్య ఒక్కోసారి హాలు బయట నిలబడి వినేవాడు. “బాగా వాయిస్తోంది” అనేవాడు. ఆ మాటలో చిన్న ముల్లు ఉండేది, దాచుకునేవాడు కాదు.

పొద్దుటి గంట మాత్రం అంత తేలిగ్గా నిలదొక్కుకోలేదు. కొన్ని రోజులు వర్క్‌స్టేషన్ ఆయన మాట వినేది కాదు. రెండు వారాలు కష్టపడి కట్టిన పాట ఒక తప్పు బటన్‌తో చెరిగిపోయింది. ఒకరోజు అత్తయ్య పడి మణికట్టు విరగ్గొట్టుకుంది. ఇదంతా తన పిచ్చివల్లేనని మావయ్య కీబోర్డుకి బట్ట కప్పేశాడు. కట్టు విప్పిన రోజే అత్తయ్య ఆ బట్ట లాగి పారేసింది. “పడింది నేను. మీరెందుకండీ లేవకుండా కూర్చున్నారు?” అంది.

మెల్లగా మనుషులు కూడారు. కాలు విరిగి కోలుకుంటున్న బస్సు డ్రైవరు, రాత్రి డ్యూటీ దిగి నిద్రపట్టని నర్సు, ఎప్పుడూ చేతులు పట్టుకునే తిరిగే ముసలి అక్కచెల్లెళ్ళు. ఆ రోజు నడిమధ్యన ఆగిపోయిన లావుపాటి పెద్దమనిషి కూడా వచ్చాడు. ఎప్పుడూ పదిమందికి మించలేదు. ఎవరూ ఎవర్నీ దాటి వెళ్ళాలని చూసేవారు కాదు.

నాకు ఉద్యోగం వచ్చి వేరే ఊరు వెళ్ళాక ఒకసారి సెలవు పెట్టుకుని పొద్దున్నే అక్కడికి వెళ్ళాను. తలుపు దగ్గరే ఆగిపోయాను. అత్తయ్య వెనక్కి స్కేటింగ్ చేస్తోంది. వీపు దారివైపు, ముఖం మావయ్యవైపు. జుట్టు నెరిసింది, నడుము మాత్రం నిటారుగా ఉంది. పాట పల్చటి నీళ్ళలా హాలంతా పరుచుకుని ఉంది. మావయ్య కళ్ళు కిటికీలో లేవు.

“వెనకెవరున్నారండీ?” అని అడుగుతోంది అత్తయ్య.

“ఎవరూ లేరు, రా. కాస్త ఎడమకి... ఇంకాస్త... ఆఁ, అంతే” అంటున్నాడు మావయ్య, వేళ్ళు మెట్లమీదనుంచి తీయకుండానే.