మూత వేసిన తొట్టి

మునుసామి నాలుకతో బతికాడు.

నెల్లితోపు అంచున, నీలిగుడ్డ అద్దే పెరట్లో, నేలలోకి దించిన నీలిమందు తొట్లు పన్నెండు ఉండేవి. రోజూ పొద్దున అతడు ఒక్కో తొట్టి మూత తీసి, చూపుడువేలు ముంచి, నాలుక కొసకు తాకించి, పక్కకు ఉమ్మేవాడు. చురుక్కుమంటే సున్నం ఎక్కువైంది. తియ్యగా ఉంటే సున్నం చాలలేదు. ఏ రుచీ తగలకపోతే తొట్టి చచ్చింది. అతడు ఉమ్మి తల ఊపేదాకా యజమాని వెంకటకృష్ణయ్య ఒక్క గుడ్డ కూడా ముంచనిచ్చేవాడు కాదు. ఆ గుడ్డ ఓడలెక్కి ఆఫ్రికాకు పోయేది. అక్కడ దాన్ని ఎవరు కట్టుకుంటారో మునుసామి అడగలేదు. ముప్పై ఏళ్ళలో అతడి మాట తప్పలేదు. చేతులు మోచేతిదాకా నీలం. స్నానం చేసినా పోదు.

చెడబోయే తొట్టికి మందు ఒకటే. ఉడికించిన తగిరిస గింజలు పోసి, మూత వేసి, మూడు రోజులు ముట్టకూడదు. ఆత్రపడి కలిపితే చస్తుంది. ఇది తండ్రి నేర్పాడు.

భార్య అన్నమ్మాళ్ కలరాతో పోయిన రోజు కూడా అతడు ఒక తొట్టికి గింజలు పోస్తున్నాడు. చెల్లెలు వల్లి పెరటి గుమ్మం దాకా పరిగెత్తి వచ్చి కేక వేసింది.

"అన్నా, వదిన పిలుస్తాండాది. రా."

"ఇదొక్కటి మూసి వస్తా" అన్నాడు.

మూసి వెళ్ళాడు. అప్పటికి ఇంట్లో ఏడుపు మొదలైంది. అది పంతొమ్మిది వందల ఎనిమిది. ఆ తర్వాత అతడికి సరైన నిద్ర లేదు. కన్ను మూతపడగానే గుమ్మం దగ్గర ఆ కేక వినిపించేది.

వల్లి పంతొమ్మిదేళ్ళకే మొగుడు పోయి అన్న ఇంటికి వచ్చింది. అదే పెరట్లో పని. తడిసిన గుడ్డ మోసుకుపోయి కురుచికుప్పం ఇసకలో ఆరేసేది. ఆమె నోరు వీధికంతా తెలుసు. పక్కింటి లోగనాయకితో ఒక కోడి గురించి మొదలైన తగాదా పదేళ్ళు నడిచింది. కోడి ఎప్పుడో చచ్చింది. తగాదా ఉంది. అన్నతో పోట్లాటలన్నీ ఒకే చోట ముగిసేవి.

"తొట్టి సస్తాదని పెండ్లాన్ని సంపుకున్నోడివి. నువ్వా నాకు చెప్పేది?"

మరుక్షణం అదే గొంతుతో, "రా, కూడు చల్లారతాండాది" అనేది.

అతడు తల వంచుకుని తినేవాడు. ఆమె మాటలో తప్పు అతడికి కనిపించలేదు.

పంతొమ్మిది వందల పదకొండు, కార్తీక వానలకు రెండు నెలల ముందు, వల్లి ఇసకలో నిలబడిపోయింది. రెండు చేతుల మీదా తడిగుడ్డ. ఎండ నెత్తికెక్కేదాకా కదల్లేదు. తోటి ఆడవాళ్ళు పిలిచారు, గిల్లారు. చివరికి ఆమె నవ్వి, "అంతా ఊపిరి పీలుస్తాండాది, మీకు వినపడలేదా?" అని, గుడ్డ పరిచి, ఇంటికి వచ్చింది.

ఆ సాయంత్రం లోగనాయకి మునుసామి గుమ్మం దగ్గరికి వచ్చింది. పదేళ్ళలో అదే మొదటిసారి.

"తమ్ముడూ, నీ చెల్లెలు వచ్చి నా కాళ్ళు పట్టుకునింది."

"వల్లా?"

"కోడిని తానే కోసి తిన్నాదంట. బాగుండిందంట. తప్పయిందంట. నాకు భయమైతాండాది సామీ. ఒక్క మాట తిట్టి పొమ్మను."

వల్లి తిట్టలేదు. ఆకూవక్కా మానేసింది. ఉన్న రెండు చీరల్లో ఒకటి వీధి ఊడ్చే ఆమెకు ఇచ్చింది. నిద్ర తగ్గింది, అలసట మాత్రం లేదు. ఆమె ముఖం కడిగిన గాజులా ఉంది. పిల్లలు ఊరికే వచ్చి ఆమె పక్కన కూర్చునేవారు. ఒకడి తండ్రి తాగి కొడితే, వాడు ఏడుపు ఆపేదాకా వీపు నిమిరి, ఆ తండ్రినే పిలిచి అతడి వీపూ నిమిరింది. అతడు కూడా ఏడ్చాడు.

నాలుగో రోజు దీపాలవేళ మునుసామి అరుగు మీద కూర్చుని ఉన్నాడు. వల్లి వచ్చి అతడి తల మీద చెయ్యి పెట్టింది. చిన్నప్పుడు తప్ప ఆమె అతడిని తాకిన గుర్తు లేదు.

"అన్నా, ఆ పొద్దు వదిన నిన్ను పిలవలేదు. నేను పిలిచినా. ఆమె నిద్రలోనే పోయింది. నీ కోసం చూడలేదు."

అతడు కదల్లేదు. ఆ చెయ్యి బరువుగా లేదు, తేలిగ్గానూ లేదు. మూడేళ్ళుగా లోపల బిగిసి ఉన్నదేదో ఆ చేతి కింద వదులైంది. ఆ రోజు అతడు తెల్లారేదాకా నిద్రపోయాడు. మర్నాడూ నిద్రపోయాడు. కేక వినపడలేదు.

వీధి ఆమెను అమ్మ అనడం మొదలుపెట్టింది. అందరికన్నా ముందు లోగనాయకి. గుమ్మం ముందు ముగ్గు వేసి, దీపం పెట్టి, వచ్చేవాళ్ళను వరసలో నిలబెట్టేది. "తోసుకోబాకండి. అమ్మ యాడికీ పోదు" అని అరిచేది. వల్లి అందరినీ చూసేది. కొందరిని పేరు పెట్టి పిలిచేది. కొందరి వంక చూసి ఊరికే కన్నీళ్ళు పెట్టుకునేది.

తర్వాత తిండి మానేసింది.

మొదట ఒక పూట. తర్వాత రెండు పూటలు. ఎందుకని అడిగితే, "గుడ్డ తింటాదా అన్నా? నీళ్ళు తాగతాది, ఎండ తాగతాది. చాలదా?" అంది. ఇంకో రోజు, తొట్లలోంచి తన పేరు వినిపిస్తోందని చెప్పింది. అది చెప్పేటప్పుడు ముఖంలో వెలుగు లేదు. ఏదో వింటున్నట్టు తల ఒక పక్కకు వంచింది. కాసేపటికి వెలుగు మళ్ళీ వచ్చింది. మునుసామి ఆ రెండు ముఖాలనూ చూశాడు. ఏది తన చెల్లెలిదో చెప్పలేకపోయాడు.

కురుచికుప్పం అమ్మవారి పూజారి గోవిందస్వామిని పిలిపించారు. పూనకాలు చూడటంలో చేయి తిరిగినవాడు. వేపమండ పట్టుకుని, కర్పూరం వెలిగించి, ఆమె ముందు నిలబడ్డాడు.

"ఎవరు నువ్వు? పేరు చెప్పు."

"వల్లిని. తెలీదా? పోయిన ఆడి నెలలో నీ గొడుగు ఎత్తుకుపోయింది నేనే."

గుమికూడినవాళ్ళు నవ్వు ఆపుకున్నారు. గోవిందస్వామి నవ్వలేదు.

"ఏం కావాల నీకు? అడుగు. చీరా? పొంగలా? కోడా?"

"ఏమొద్దు."

ఆయన మండ కింద పెట్టి మునుసామిని పక్కకు పిలిచాడు.

"చూడు మునుసామీ. అమ్మవారు వస్తే పేరు చెప్తాది. ఏదో ఒకటి అడగతాది. తీసుకుని, కొండెక్కి పోతాది. వచ్చింది పోవాల, అదీ పద్ధతి. ఏమీ అడగనిదాన్ని నేను ఎట్టా పంపేది? ఇది నాకు తెలిసిన వ్యవహారం కాదు."

"అంటే పిచ్చా?"

"నేనట్టా అన్నానా? నాకు తెలీదంటున్నా." రెండడుగులు వేసి వెనక్కి తిరిగాడు. "ఆ గొడుగు ఇంట్లో ఉంటే పంపించు."

మునుసామి కాలువ దాటి, తెల్లవాళ్ళ పేటలోని ఆసుపత్రికి వెళ్ళాడు. అక్కడ అనంతరామన్ అనే డాక్టరు ఉండేవాడు. ఈ ఊళ్ళోనే చదివినవాడు, తెల్లదొరల కింద పనిచేసేవాడు. తక్కువ మాట్లాడేవాడు. మునుసామి చెప్పిందంతా విన్నాడు. నిద్ర ఎంత, తిండి ఎంత, ఎన్నాళ్ళుగా అని అడిగాడు. ఇంట్లో ఇంతకుముందు ఎవరికైనా ఇలా అయిందా అని అడిగాడు.

"దేవుడా, జబ్బా సామీ?" అన్నాడు మునుసామి.

"ఆమెకు ఏం కనిపించిందో చూసే పరికరం నా దగ్గర లేదు. తింటుందా లేదా అన్నది చూడగలను. మంచి మాటలు చెప్తుందంటున్నావు, చెప్పనీ. కానీ ఒక పని చెయ్యి. నీకు ఆకలిగా ఉందని ఆమెతో చెప్పు. ఏం చేస్తుందో చూడు. దేవుడి దగ్గరికి పోయినవాళ్ళకు కూడా ఇంట్లోవాళ్ళ ఆకలి వినిపిస్తుంది. వినిపించకపోతే వెంటనే తీసుకురా."

చిన్న పరీక్ష. ఇంటికి పోగానే చెయ్యొచ్చు. మునుసామి చెయ్యలేదు.

ఆమెది జబ్బయితే, తల మీద చెయ్యి పెట్టి చెప్పిన మాట కూడా జబ్బే. అన్నమ్మాళ్ పిలిచినట్టే. అతడు రానట్టే.

అతడు తనకు తెలిసినదే చేశాడు. ఇంటి తలుపు మూశాడు. జనాన్ని పంపేశాడు. లోగనాయకి దీపం తెస్తే గుమ్మంలోనే ఆపాడు. వల్లి పక్కన నీళ్ళ చెంబూ బెల్లంముక్కా పెట్టాడు. వల్లిని ముట్టలేదు, పలకరించలేదు. మూడు రోజులు. మూడో రోజు ఆమె కొంచెం బెల్లం నోట్లో వేసుకుంది. తొట్టి కోలుకుంటోంది అనుకున్నాడు. ఇంకో రెండు రోజులు చూద్దామనుకున్నాడు. తర్వాత ఇంకో మూడు. రోజూ పెరటికి పోయే ముందు తలుపు సందులోంచి ఆమెను చూసేవాడు. మెడ ఎముకలు పైకి తేలాయి. గాజులు లేని చేతులు చీర మీద రెండు పుల్లల్లా పడి ఉండేవి. ఆమె ఎప్పుడు చూసినా మేలుకునే ఉండేది.

ఎనిమిదో రోజు మధ్యాహ్నం అతడు పెరటి నుంచి వచ్చి ఆమె ఎదురుగా కూర్చున్నాడు.

"వల్లీ, ఆకలైతాండాది."

ఆమె కళ్ళు మెల్లగా అతడి వైపు తిరిగాయి. తర్వాత ఆమె లేచింది. గోడ పట్టుకుని నిలబడింది. పొయ్యి దగ్గరికి నడిచి, పుల్లలు పేర్చి, ఊది మంట చేసింది. కుండ కడిగి ఎసరు పెట్టింది. మునుసామి కళ్ళు తుడుచుకున్నాడు. వినిపించింది. ఆమె ఎక్కడికీ పోలేదు. ఎసరు కాగింది. ఆమె గరిటెతో కలిపింది, ఉప్పు వేసింది, ఇంకాసేపు కలిపింది. కంచం తీసింది. కడిగి, అతడి ముందు పెట్టి, వడ్డించింది.

కంచంలో నీళ్ళు. వేడి నీళ్ళు. ఒక్క గింజ లేదు.

ఆమె పక్కన కూర్చుని విసనకర్ర అందుకుంది.

"తిను అన్నా. చల్లారతాండాది."

అదే గొంతు, అదే మాట. అతడు కంచంలో చెయ్యి పెట్టాడు. వేళ్ళు కాలాయి. దోసిలిలా పట్టి నోటికి ఎత్తుకున్నాడు.

"ఉప్పు చాలిందా?"

నాలుక చెప్పింది. ఉప్పు సరిగ్గా ఉంది.

"చాలిందమ్మా."

ఆమె విసురుతూ ఉంది. అతడు కంచం ఖాళీ అయ్యేదాకా తిన్నాడు. చెయ్యి కడుక్కుని వీధిలోకి పోయి, మనుషులు వెనకనుంచి నెట్టే పుస్‌పుస్ బండిని పిలిచాడు. వల్లిని ఎత్తి కూర్చోబెట్టాడు. బరువు లేదు. లోగనాయకి గుండెలు బాదుకుంటూ బండికి అడ్డం వచ్చింది.

"అమ్మను ఆసుపత్రికి తీసకపోతావా? నీ కండ్లు పోతాయిరా!"

"తప్పుకో అక్కా" అన్నాడు. ఆమె తప్పుకుంది.

అనంతరామన్ ఆమె నాడి చూసి, కనురెప్ప ఎత్తి చూసి, మునుసామి వైపు తిరిగాడు.

"నేను చెప్పి ఎన్నాళ్ళైంది?"

"ఎనిమిది రోజులు."

"ఎందుకు ఆగావు?"

మునుసామి తన నీలం చేతులు వెనక్కి పెట్టుకున్నాడు.

ఆమె ఐదు నెలలు అక్కడ ఉంది. మొదటి నెల ముక్కులోంచి గొట్టం పెట్టి పాలు పోశారు. తర్వాత చెంచాతో. తర్వాత తానే తింది. మరుసటి ఏడు చిత్తిరై నెలలో ఇంటికి వచ్చింది. జుట్టు కత్తిరించి ఉంది. మెల్లగా నడిచేది, మెల్లగా మాట్లాడేది. కొన్నాళ్ళకు ఆకూవక్కా అడిగింది. లోగనాయకి తెచ్చి గుమ్మంలో పెట్టి, ముఖం చూడకుండా పోయింది. వల్లి ఆమెను తిట్టలేదు. కాళ్ళూ పట్టుకోలేదు.

ఒక సాయంత్రం వల్లి గడప మీద కూర్చుని అడిగింది.

"డాక్టరు జబ్బంటాడు. లోగనాయకి అమ్మ వచ్చి అలిగి పోయిందంటాది. నువ్వు తొట్టి చూసేవాడివి కదన్నా. నాకు వచ్చింది ఏంది?"

అతడు వచ్చి ఆమె పక్కన కూర్చున్నాడు.

"ఆసుపత్రికి పోయిన పొద్దు నాకు అన్నం పెట్టినావు."

"పెట్టినానా?"

"నీళ్ళు పెట్టినావు. కుండలో బియ్యం లేదు."

వల్లి అతడి వంక చూసింది. "నువ్వేం చేసినావు?"

"తిన్నా."

"అంతా?"

"అంతా."

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కొంగు వెనకనుంచే అడిగింది.

"ఉప్పన్నా ఏసినానా?"

"ఏసినావు. సరిపోయింది."

ఇంకేమీ అడగలేదు ఆమె. ఇప్పుడు అతడి వంతు. ఒక్క ప్రశ్న. ఆమె బుద్ధి కుదురుగా ఉంది, ఆ రోజు వదిన పక్కన ఉన్నది ఆమె ఒక్కతే, అడిగితే చెప్తుంది. అన్నమ్మాళ్ పిలిచిందా, లేదా. అతడు నోరు తెరిచాడు.

"ఏందన్నా?"

"ఏం లేదు."

ఆ తర్వాత ఇరవై ఏళ్ళు ఆ ఇంట్లో ఇద్దరే ఉన్నారు. అతడు అడగలేదు. కేక మళ్ళీ వినపడసాగింది. కొన్నాళ్ళు వినపడేది కాదు, మళ్ళీ వినపడేది. పొద్దున లేచి పెరటికి పోయి, వేలు ముంచి, నాలుకకు తాకించి, ఉమ్మి, తల ఊపేవాడు. తొట్ల విషయంలో చివరిదాకా అతడి మాట తప్పలేదు.

వల్లి వడ్డించే ముందు ప్రతిసారీ కుండను వెలుతురుకు వంచి లోపలికి చూసేది. చూడవలసినదానికన్నా కొంచెం ఎక్కువసేపు చూసేది. అంతసేపూ మునుసామి ఖాళీ కంచం ముందు తల వంచుకుని, తన చేతులు చూసుకుంటూ ఉండేవాడు.